రాయచోటి భాయి నరకానికి పోయాడన్నారు

పోయిన నెల మా చర్చిలో స్త్రీల కూడికకు ఎక్కడినుంచో ఒక కుర్ర బోధకుడు వచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చేతిలో ల్యాప్‌టాప్. గోడకు దుప్పటి కట్టించి దానిమీద నరకం సినిమా వేశాడు. మంటలు, పొగ, పైకి చాచిన చేతులు. స్పీకర్లు పెళ్లిపందిరికి అద్దెకిచ్చే రకం, అందుకని నరకంలోని ఏడుపులు మా వీధి చివరి టీకొట్టు దాకా వినిపించి ఉంటాయి. మంటల మధ్య ఒక ముసలామె నీళ్లు నీళ్లు అంటూ ఉంటే అబ్బాయి సినిమా ఆపి, మైకులో, "ఈమె మంచి తల్లే. ఆకలన్నవాళ్లకు అన్నం పెట్టింది. కానీ రక్షణ పొందలేదు. చూడండి ఎక్కడుందో!" అన్నాడు. ఊపిరైనా తిప్పుకోకుండా, "మన దేవుడు ప్రేమామయుడు, గట్టిగా హల్లెలూయా చెప్పండి" అన్నాడు. అందరూ చెప్పారు. నేను లేచి చెప్పులు వేసుకొని బయటికి వచ్చేశాను. వెనక ఎవరో, "ఆంటీకి షుగర్ డౌన్ అయినట్టుంది, చాక్లెట్ ఇవ్వండి" అన్నారు. నిజంగానే ఒకామె పరిగెత్తుకుంటూ చాక్లెట్ తెచ్చింది. ఎంత కోపంలో ఉన్నా చాక్లెట్ వద్దనే మనిషిని కాను. మెట్లమీద కూర్చొని తిన్నాను. అది తిన్నా కోపం దిగలేదు. షుగర్‌తో వచ్చింది కాదది. ఆ అబ్బాయి పుట్టకముందే పుట్టిన కోపం. దాని ఊరు కువైట్.

నేనూ మా ఆయనా, మా అక్కా బావా సాల్మియాలో ఒకే ఫ్లాటులో ఉండేవాళ్లం. చెరొక గది, వంటిల్లు ఉమ్మడి. నేను ఆడవాళ్ల గౌన్లు కుట్టే షాపులో పనిచేసేదాన్ని. మా ఆయన కంపెనీ బస్సు డ్రైవరు, రోజూ మంగఫ్ నుంచి కూలీలను ఎక్కించుకొని పనులమీదికి చేర్చేవాడు. మా బావ ఒక బిల్డింగ్ కంపెనీలో స్టోర్ కీపరు. అది వారం పొడుగునా. శుక్రవారం సెలవు కాబట్టి ఆ రోజు మా బావ బోధకుడు. కడప వైపు నుంచి వచ్చి ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, మామాను, అంటే ఇంటి యజమానురాలిని, బతిమాలుకొని పూట సెలవు తెచ్చుకొని, మా గదిలో చాపలమీద ఇరుక్కొని కూర్చునేవాళ్లు. వారమంతా మామా తిట్లు తిన్నవాళ్లు. నాలుగు పాటలు పాడుకొని, నాలుగు కన్నీళ్లు కార్చుకొని, మా అక్క వండిన చిత్రాన్నం తిని పోదామని వచ్చేవాళ్లు. వాళ్లకు మా బావ వడ్డించేది నరకం.

మా బావ చెడ్డమనిషి కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. పక్కగదిలో ఎవరికి జ్వరమొచ్చినా తానే కాళ్లు పట్టేవాడు. కానీ వాక్యం చేతికి తీసుకుంటే చాలు, కళ్లు వేరే మనిషివి అయ్యేవి. మంగఫ్ వైపు పోతే చమురు కంపెనీల గొట్టాలమీద మండుతూ ఉండే మంటలు కనిపిస్తాయి కదా, మా బావకు అవే ఉపమానం. "చూసినారా ఆ మంట? రాత్రీ పగలూ ఆరదు. మీ అమ్మానాయనలు, అక్కచెల్లెళ్లు, రక్షణ లేనోళ్లంతా అట్లాంటి దాంట్లో ఉంటారు" అనేవాడు. ఒకసారి మా ఆయన వినలేక, "కంపెనీవాళ్లు వాల్వు తిప్పితే అది ఆరుతుందన్నా" అన్నాడు. ఆ పూట మా ఆయనకు చిత్రాన్నం కొంచెం తక్కువే పడింది. వడ్డించే గరిటె ఆ రోజు బావ చేతిలో ఉండింది మరి.

కింద అంతస్తులో రాయచోటి భాయి ఉండేవాడు. అమ్ఘరాలో పాత ఇనుము యార్డులో పని. యజమాని ఇచ్చిన హాఫ్‌లారీ ఒకటి అతని చేతికింద ఉండేది. వెనకంతా తెరిచి ఉండే చిన్న లారీ, దాన్ని నడపడం కంటే నెట్టడం ఎక్కువ. మనిషి లావు, గొంతు ఇంకా లావు. నన్నూ అక్కనూ "చెల్లెమ్మా" అని పిలిచేవాడు. శుక్రవారం మధ్యాహ్నం మసీదు నుంచి వచ్చి మా మెట్లమీద కూర్చొని, లోపల మేం పాడే పాటలు వినేవాడు. లోపలికి రమ్మంటే, "వద్దులేమ్మా, పాటలు బాగుండాయి. మీ బావ అరిచేటప్పుడు లేసిపోవాల్నంటే మెట్లమీదే సుకం" అనేవాడు. బావ బోధ మొదలుపెట్టగానే మెట్లమీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయేది. బోధ అయిపోయి చిత్రాన్నం వాసన రాగానే అదే చప్పుడు పైకి ఎక్కేది.

ఇరాక్ సైన్యం వచ్చిన ఆ ఆగస్టు గురించి చాలామంది చాలా చెప్తారు. నాకు గుర్తున్నది వేడి. సముద్రం పక్కనే ఉన్నా గాలి లేదు, ఉన్న గాలి తడిబట్టలా మొహానికి అతుక్కునేది. పొద్దున లేచేసరికి రోడ్డుమీద ట్యాంకులు. నా షాపు యజమాని, బావ కంపెనీవాళ్లు, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న భాయి కఫీలు, అందరూ ఎవరి దారిన వాళ్లు దేశం దాటిపోయారు. మా పాస్‌పోర్టులు వాళ్ల బీరువాల్లోనే ఉండిపోయాయి. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లు కొందరు, మామాలు వదిలేసిపోతే, కట్టుబట్టలతో మా ఫ్లాటుకు చేరారు. రొట్టెల కోసం తెల్లారకముందే వరుసలో నిలబడడం నేర్చుకున్నాం. అప్పటికి మా అక్కకు నెలలు నిండుతున్నాయి. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు నిలిచిన కడుపు.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. అంబులెన్సు రాదు. టాక్సీలు లేవు. మా ఆయన బస్సును సైనికులు అప్పటికే తోలుకుపోయారు. బావ గదిలో మోకాళ్లమీద పడి ప్రార్థన చేస్తున్నాడు. నేను కిందికి పరిగెత్తి తలుపు కొట్టాను. భాయి లుంగీమీదే వచ్చి లారీ తీశాడు. అక్కనూ నన్నూ ముందర కూర్చోబెట్టుకున్నాడు, బావ వెనక ఎక్కి టార్పాలిన్ పట్టుకొని కూర్చున్నాడు. దారిలో సైనికులు ఆపారు. మీసాలైనా సరిగా రాని పిల్లవాడొకడు తుపాకీ కిటికీలో పెట్టి అక్క కడుపు వైపు చూశాడు. భాయి రెండు చేతులూ పైకెత్తి, "ఉఖ్తీ, ఉఖ్తీ" అన్నాడు. నా చెల్లెలు అని. వాడు ఆ నల్లటి లావు మనిషినీ, బొట్టులేని మా అక్కనూ మార్చిమార్చి చూసి వదిలేశాడు. మధ్యాహ్నానికి పాప పుట్టింది. భాయి ఆస్పత్రి గేటు దగ్గర ఎక్కడినుంచో ఖర్జూరాలు సంపాదించి, అటుగా పోయే వాళ్లందరికీ, కాపలా ఉన్న ఇరాకీ సిపాయిలకు కూడా పంచిపెట్టాడు. ఆ శుక్రవారం మా బావ నిలబడి ఏడుస్తూ సాక్ష్యం చెప్పాడు: "నేను మోకాళ్లమీద ఉండగానే దేవుడు భాయిని పంపినాడు."

తర్వాత కొద్దిరోజులకు నీళ్లు అయిపోయాయి. మిద్దెమీది ట్యాంకులు నింపే మంచినీళ్ల ట్యాంకర్లు రావడం మానేశాయి. బిల్డింగులో అన్ని దేశాల వాళ్లూ ఉన్నారు, పసిపిల్లలున్నారు. యార్డులో యజమాని వదిలేసిపోయిన పెద్ద ట్యాంకులో నీళ్లున్నాయని భాయికి గుర్తొచ్చింది. నూనె పీపాలు కడిగి లారీలో వేసుకొని, యార్డులో తనతో పనిచేసే బంగ్లాదేశీని తోడు తీసుకొని, అమ్ఘరా పోయి నింపుకొని వచ్చేవాడు. రాగానే హారను కొట్టేవాడు, ఆడవాళ్లం బిందెలు, బకెట్లు, వంట గిన్నెలు తీసుకొని దిగేవాళ్లం. బాలింత ఉందని మా అక్క బిందె ముందు నింపేవాడు. మా ఆయన, "రోజూ ఎందుకు భాయీ, దారిలో ఏమన్నా అయితే" అంటే, "దప్పిక రోజూ అయితాది గదప్పా" అన్నాడు.

ఒకరోజు హారను మోగలేదు. మధ్యాహ్నం దాటాక బంగ్లాదేశీ ఇంకెవరి బండిలోనో వచ్చాడు. చొక్కా అంతా రక్తం, తనది కాదు. దారిలో ఎప్పుడూ లేనిచోట కొత్తగా చెక్‌పోస్టు పెట్టారట. చెయ్యి చూపించారు, భాయి బ్రేకు తొక్కాడు. నిండు పీపాల బరువుకు లారీ వెంటనే ఆగలేదు. కాల్చారు. అంతే. పీపాలకు చిల్లులు పడి నీళ్లు రోడ్డుమీద పారుతుంటే, భాయి కొన ఊపిరితో "పీపా ఎత్తు, పీపా ఎత్తు" అన్నాడట. ఆ బంగ్లాదేశీ మా గుమ్మంలో కూలబడి హిందీలో అదే మాట మళ్లీమళ్లీ చెప్పాడు. మా అక్క పాపను నా చేతికిచ్చి, భాయి గది ముందుకు పోయి, తాళం పట్టుకొని నిలబడింది.

మరుసటి రోజు మట్టి చేశారు. బిల్డింగులో మగవాళ్లంతా పోయారు. మా ఆయన గోతిలోకి మూడు పిడికిళ్ల మట్టి వేసి వచ్చానని చెప్పాడు. బావ కూడా పోయాడు. అయితే శ్మశానం గేటు బయటే నిలబడ్డాడట. లోపల వాళ్ల ప్రార్థన జరుగుతుంటే తాను ఉండకూడదని.

ఆ వచ్చిన శుక్రవారం గది నిండా జనం. అందరి మనసులోనూ భాయే. మెట్లమీద ఎవరూ లేరని తెలిసి కూడా అందరం అటువైపే చూస్తున్నాం. నలుగురి దుఃఖానికీ మా బావ ఒక ఓదార్పు మాట చెప్తాడనే అనుకున్నాను. అతను నిలబడి, గొంతు సవరించుకొని మొదలుపెట్టాడు: "మంచి మనిషి. మనకు నీళ్లు తెచ్చినాడు. కాదనను. అయినా మంచి పనులు మనిషిని రక్షించవు. మన పాటలు ఇంతకాలం విన్నాడు, లోపలికి రమ్మంటే రాలేదు. ఈ పొద్దు ఆయన యాడుండాడో తలుచుకుంటే నా గుండె తరుక్కుపోతాంది. ఆ మంటలో ఒక చుక్క నీళ్లకు..."

అంతవరకే. మా అక్క లేచింది. పదిమందిలో మొగుడి ముందు నోరెత్తి ఎరగని మనిషి. పాప చంకలో ఉంది. గొంతు పెద్దది చేయలేదు, ఆ కోపంలోనూ "మీరు" అనడం విడవలేదు.

"ఏమండీ, దేవుడే భాయిని పంపినాడని ఈడనే నిలబడి సాక్ష్యం చెప్పినారు గదా. పంపినోడే ఇప్పుడు మంటలో ఏసినాడా? పని చేయించుకొని కూలి ఎగ్గొట్టే కఫీలు గూడా ఇంత పని చెయ్యడు."

బావ మొహం పాలిపోయింది. "అది నా మాట కాదు. వాక్యం" అన్నాడు.

"చదివేది మీ నోరే గదా? ప్రేమ అని రాసినకాడ గబగబా చదివి, మంట అని రాసినకాడ నిలబడిపోతారే! తనకు మేకులు కొట్టినోళ్లనే క్షమించమన్న మనిషి, మనకు నీళ్లు మోసినోణ్ణి కాలుస్తాడా? రేపు నేను పరలోకంలో కూర్చొని పాటలు పాడాల, కింద ఆయన దప్పిక దప్పిక అని అరస్తాంటే. ఈ పాపను ఎత్తుకొని వినాల. నాకు చేతగాదు. నాకు చేతగానిది దేవునికి ఎట్లా చేతనైతాది? నాకంటే రాయి గుండెనా ఆయనది?"

అని వంటింట్లోకి పోయింది. ఎవరూ ఆమెన్ అనలేదు. ముగింపు ప్రార్థన లేకుండానే అందరూ లేచారు. పోతూపోతూ ఒక పెద్దాయన మా ఆయనతో, "పచ్చి బాలింత గదా, తల తిరిగుంటుంది. చల్లగా ఏమన్నా ఇయ్యండి" అన్నాడు. ఆ పెద్దాయన ఎవరో ఏమైపోయాడో తెలియదు కానీ, ఆ మాటకు నా ఒళ్లు ఇప్పటికీ మండుతుంది. ఆడది న్యాయం అడిగితే దానికి ఒంట్లో ఏదో తక్కువైందనడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఆ తర్వాత ఎంబసీవాళ్లు పాస్‌పోర్టులకు బదులు ఇచ్చిన కాగితాలతో మేం కువైట్ వదిలాం. బస్సుల్లో బస్రా, బాగ్దాదు, అక్కణ్ణుంచి జోర్డాను సరిహద్దు. అక్కడ ఎడారిలో గుడారాలు వేసి మమ్మల్ని విమానాల కోసం ఉంచారు. పగలంతా ఇసుక గాలి. రొట్టెలో ఇసుక, పాలలో ఇసుక, పాప కనురెప్పల మీద ఇసుక. మా అక్క బావతో పాప విషయం తప్ప ఒక్క మాట మాట్లాడేది కాదు. ఒక సాయంత్రం నేను గుడారం ముందు పాప గుడ్డలు ఆరేస్తుంటే బావ వచ్చి దగ్గర కూర్చున్నాడు. గడ్డం పెరిగి, పెదాలు పగిలి ఉన్నాడు. నా వైపు చూడకుండా వాళ్ల నాయన గురించి మొదలుపెట్టాడు.

వాళ్ల నాయన మగ్గం నేసేవాడట. చదువు చెప్పిస్తారని కొడుకును ఊరికి దూరంగా ఒక మిషను హాస్టలులో చేర్పించాడు. పిల్లవాడు అక్కడే బాప్తిస్మం పొందాడు. తండ్రి ఒక్క మాట అనలేదు. "నీకు బాగుంటే నాకూ బాగున్నట్టే నాయనా" అని, నెలకొకసారి నడిచి వచ్చి వేరుశనగ ఉండలు ఇచ్చిపోయేవాడు. తాను మాత్రం మారలేదు. ఒకసారి రాలేదు. జ్వరంతో పోయాడని కబురొచ్చింది. పిల్లవాడు మూట కట్టుకొని బయలుదేరుతుంటే హాస్టలు పెద్ద పిలిచి అన్నాడట: "మీ నాయన ఇప్పటికే మంటలో ఉన్నాడు. నువ్వు పోయి ఇంకో మంట పెట్టేదేముంది?"

"నేను పోలేదు అమ్మాయీ" అన్నాడు బావ. "మా చిన్నాయన కొడుకు కొరివి పెట్టినాడు. ఇంతకాలం ఆ మాట నిజం, నిజం అని అరిచి అరిచి చెప్తాండా. మీ అక్క చెప్పిందే న్యాయమైతే, ఆ మాట అబద్ధమైతే, నేను మా నాయన దగ్గరికి ఊరకనే పోకుండా ఉండిపోయినట్టే గదా? అప్పుడు నేనేమైపోవాల?"

ఆ శుక్రవారం నుంచీ బావమీద మోసుకొస్తున్న కోపాన్ని ఎక్కడ దించాలో తెలియక చేతిలోని తడిగుడ్డనే పిండుతూ ఉండిపోయాను. కోపం తగ్గలేదు, నిజానికి పెరిగింది. తండ్రి పోయిన పిల్లవాడితో ఆ మాట అన్నవాడు ఆ రాత్రి కడుపునిండా తిని, దేవుడు ప్రేమామయుడని ప్రార్థన చేసి పడుకొని ఉంటాడు. ఆ ఒక్క మాటకు తండ్రి దగ్గరికి కొడుకు పోలేదు, భాయి సమాధి దగ్గరికి ఆ కొడుకే పోలేదు. మా బావ నరకం గురించి అంత బాగా ఎట్లా చెప్పగలిగేవాడో ఆ సాయంత్రం అర్థమైంది. చిన్నప్పటినుంచీ అతను కాపురమున్నది అక్కడే.

ఊరు చేరాక, కొంచెం తేరుకొని, మేం నలుగురం పాపను తీసుకొని రాయచోటి పోయాం. భాయి భార్య తెర వెనక కూర్చొని ఏడ్చింది. తల్లి, చూపు ఆనని ముసలామె, మా ముందు మంచంమీద కూర్చుంది. "నా బిడ్డకు మన్ను ఏసినోళ్లు ఎవరప్పా?" అని అడిగింది. "నేనేసినామ్మా" అని మా ఆయన చెయ్యి చాపితే, ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకొని మొహానికి ఆనించుకుంది. "నువ్వు నాయనా?" అని బావను అడిగింది. అబద్ధం చెప్పి ఉంటే ఎవరం కాదనేవాళ్లం కాదు. "నేను గేటు బయటే నిలబడినా అమ్మా. భయపడినా" అన్నాడు. ఆమె సైనికులకు భయపడ్డాడనుకుంది. "పాపం, తుపాకులోళ్లు గదా, ఎవరికుండదు భయం. అంతదూరం పోయినావు, సాలు" అని ఓదార్చింది. బావ తల వంచుకున్నాడు. తర్వాత ఆమె పాపను ఒళ్లో పెట్టించుకొని, తలమీద చెయ్యి పెట్టి, తన దేవుడి పేరున, తన భాషలో, పెదాలు మాత్రమే కదులుతుండగా ఏదో చాలాసేపు చదివింది. చివర "ఆమీన్" అంది. "ఆమెన్" అన్నాడు మా బావ. అలవాటుకొద్దీ అన్నాడో, మనసారా అన్నాడో అడగలేదు. మా అక్క మాత్రం, కువైట్ వదిలాక మొదటిసారి, అతని మొహంలోకి చూసింది.

మా బావ బోధ మానలేదు. అంత మారిపోయాడని చెప్తే అబద్ధం అవుతుంది. పాత అలవాటులో మంటల దాకా పోయేవాడు. అప్పుడు మా అక్క లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు చప్పుడు చేసేది. అతను వెంటనే పాట ఎత్తుకునేవాడు. అట్లా ఎన్నో నరకాలు మధ్యలోనే ఆగిపోయి పాటలయ్యాయి. బావ పోయి కొన్నేళ్లయింది. సమాధి దగ్గర మాట్లాడినవాళ్లు అతను పరలోకంలో ఉన్నాడని గట్టిగా చెప్పారు. ఉంటాడు. అయితే అక్కడ వాళ్ల నాయన లేకుండా, రాయచోటి భాయి లేకుండా అతను సంతోషంగా ఉన్నాడంటే మాత్రం, ఆ ఉన్నది మా బావ కాదు, ఇంకెవరో.

చదువుకున్నవాళ్లు నాకు నచ్చజెప్పాలని చూశారు. దేవుడు ఎవర్నీ నరకానికి పంపడట, మనుషులే దాన్ని ఎంచుకుంటారట. రాయచోటి భాయి ఆ రోజుల్లో ఏం ఎంచుకున్నాడో నేను చూశాను. నీళ్లు ఎంచుకున్నాడు. ప్రేమ ఉన్నచోట న్యాయం కూడా ఉండాలి కదా అంటారు. ఉండాలి, నేను అడిగేదీ అదే. తప్పు చేసినవాణ్ణి దండించడం నాకు అర్థమవుతుంది. దండన ఎప్పటికీ ముగియకపోవడం, దాన్ని చూస్తూ ప్రేమ అని పేరు పెట్టడం అర్థం కాదు. అర్థం కానప్పుడు నోరు మూసుకోవాలంటారు. నేను మూసుకోను. ప్రార్థనలోనే అడుగుతాను, నేరుగా ఆయన్నే.

ఆ చెక్‌పోస్టు దగ్గర భాయిని కాల్చిన పిల్లలు ఎక్కడున్నారో, ఉన్నారో లేదో తెలియదు. చాలా ఏళ్లు వాళ్లు కాలిపోవాలనే కోరుకున్నాను. ఎప్పుడు మానేశానో గుర్తులేదు. ఒకరోజు చూసుకుంటే ఆ కోరిక లేదు. వాళ్లనూ ఏ తల్లో కన్నదే, ఎవరో తుపాకీ ఇచ్చి ఆ ఎండలో నిలబెట్టారనే మాటొక్కటే మిగిలింది. నాలాంటి మొండి మనిషి కోపాన్నే కాలం ఇంతగా అరగదీసిందే, ఇక కాలమంతా చేతిలో ఉన్నవాడి కోపం ఎన్నాళ్లని నిలుస్తుంది?